ప్లగ్ పీకేముందు ఇది నడపండి: ఎన్‌క్రిప్టెడ్ డిస్క్ డిటెక్టర్

కేసుల్లో కంప్యూటర్ల నుంచి సాక్ష్యం సేకరించేవాళ్లకి, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందో (అంటే కీ లేకుండా చదవలేని రూపంలో ఉందో) లేదో చెప్పే టూల్ ఇది. మ్యాగ్నెట్ ఫోరెన్సిక్స్ అనే సంస్థ చేసిన ఈ టూల్ కొత్తదేమీ కాదు, కానీ కిట్‌లో పెట్టుకుని కూడా వాడనివాళ్లు ఉన్నారు, అందుకే రాస్తున్నా. ఫ్రీ. ఇన్‌స్టాల్ గోల లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి, ఆన్‌లో ఉన్న విండోస్ సిస్టమ్‌లో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపితే ముందు ఫిజికల్ డ్రైవ్‌లు, తర్వాత లాజికల్ వాల్యూమ్‌లు (సి, డి లాంటి భాగాలు), విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ కోసం విడిగా ఇంకోసారి, చివర్లో నడుస్తున్న ప్రాసెస్‌లు వరసగా చూసి, ఎన్‌క్రిప్షన్ కనిపించిందో లేదో ఆ నల్ల స్క్రీన్ మీదే చెప్పేస్తుంది.

ఇప్పుడు దీని అవసరం ఇంకా పెరిగింది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతుంది. ఓనర్‌కే తెలియదు పాపం, "లాక్ ఏమీ పెట్టలేదండీ" అని నిజాయితీగానే అంటాడు. ఆ మాట నమ్మి పవర్ తీసేసి, రైట్ బ్లాకర్ (డిస్క్‌లో ఏమీ రాయనివ్వని పరికరం) తగిలించి గంటల తరబడి ఇమేజ్ (డిస్క్ పూర్తి కాపీ) తీస్తే హ్యాష్ (డేటాకి వేలిముద్ర లాంటి కోడ్) చక్కగా సరిపోతుంది, తీరా సి డ్రైవ్ మొదటి సెక్టార్ తెరిస్తే మామూలు విండోస్ ఫైల్ సిస్టమ్ పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉండాల్సిన చోట బిట్‌లాకర్ గుర్తు ఎఫ్‌వీఈ-ఎఫ్‌ఎస్ అని వెక్కిరిస్తుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ రాసుకోవచ్చు, కాపీ మారలేదనడానికి అది పనికొస్తుంది, లోపలున్నది చదవడానికి కాదు.

టూల్ "ఉంది" అంటే మెషీన్ ఆపొద్దు. ముందు ర్యామ్‌లో ఉన్న డేటా కాపీ తీసుకోండి, తర్వాత విండోస్‌లోని మేనేజ్-బీడీఈ కమాండ్‌తో 48 అంకెల రికవరీ కీ రాసుకోండి, డ్రైవ్ అన్‌లాక్‌లో ఉండగానే లాజికల్ ఇమేజ్ (తెరిచి ఉన్న వాల్యూమ్ కాపీ) కొట్టండి. పెన్‌డ్రైవ్ పెట్టిన జాడ రిజిస్ట్రీలో పడుతుంది కాబట్టి టైమ్ నోట్ చేసుకోవడం మరిచిపోకండి.

"లేదు" అంటే మాత్రం నేను పూర్తిగా నమ్మను. వెరాక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో చేసి, మౌంట్ చేయని (తెరిచి డ్రైవ్‌లా తగిలించని) కంటైనర్ ఫైళ్లను ఇది వెతకదు. వాటికి గుర్తుపట్టే సంతకం ఉండదు, చూడ్డానికి వట్టి రాండమ్ డేటా. అందుకే సైజు పెద్దగా ఉండి ఏ ప్రోగ్రామ్‌లోనూ తెరుచుకోని ఫైళ్లను చేత్తో వెతుక్కోవాల్సిందే. ఇంకో లోటు, రిపోర్ట్ ఫైల్ తనంతట తాను రాయదు, అవుట్‌పుట్ మనమే ఫైల్‌లోకి మళ్లించుకోవాలి. మ్యాక్‌లు, లైనక్స్ బాక్సులు వస్తే దీన్ని పక్కన పెట్టి వేరే దారి చూసుకోవాలి.

అయిదుకి నాలుగు ఇస్తా. ఆ ఒక్కటీ కంటైనర్ల దగ్గర కోశా.