ఆ ఐదు నక్షత్రాలు ఎప్పుడు పడ్డాయో చూసి కొనండి

ఆన్‌లైన్‌లో కోర్సు కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. 4.6 రేటింగ్, వేలల్లో విద్యార్థులు, టైటిల్‌లో తాజా ఏడాది... ఇవన్నీ చూసి నేనొక పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) కోర్సు కొని మోసపోయాను. సైటు పేరు ఎందుకులెండి, ఈ తంతు ఏ ఒక్కచోటో జరిగేది కాదు.

మొదటిరోజు బాగానే ఉంది. సార్ గొంతు బాగుంది, స్లైడ్లు ముచ్చటగా ఉన్నాయి. ఇంకా ఇన్‌స్టాల్ చేసుకోవడం దగ్గరే ఉన్నాం, వీడియో ఆగి ఒక బాక్సు వచ్చింది: ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? అప్పటికి ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. అడ్డు తొలగితే చాలని ఐదూ నొక్కేసి, 'చాలా క్లియర్‌గా చెబుతున్నారు' అని కూడా రాశాను. అదీ నా నిర్వాకం.

మూడో సెక్షన్‌లో అసలు సంగతి బయటపడింది. సార్ తెరమీద మాట చూపించే ప్రింట్ కమాండ్ కొట్టి, బ్రాకెట్లు లేకుండా పక్కనే కొటేషన్లలో ఒక మాట రాశారు. ఆయనకు నడిచింది. పొల్లు పోకుండా నేనూ అదే కొడితే సింటాక్స్ ఎర్రర్, అంటే కోడ్ రాసిన తీరే తప్పని. తప్పు నాదేననుకుని గంటసేపు స్పేసులూ కొటేషన్లూ వెతుక్కున్నాను. తీరా చూస్తే ఆయన వాడుతున్నది పాత వెర్షన్, పైథాన్ 2! దానికి సపోర్ట్ 2020 జనవరి 1తోనే ఆగిపోయింది. పైథాన్ 3లో ప్రింట్‌కి బ్రాకెట్లు ఉండి తీరాలి. అంటే మొదటి రెండు వీడియోలు కొత్తగా తీసి అతికించి, టైటిల్‌లో ఏడాది మార్చారు. మిగతాదంతా పాత సరుకే.

అప్పుడు రివ్యూలు మళ్లీ చదివాను, ఈసారి కింది నుంచి. ఐదు నక్షత్రాలవన్నీ 'సూపర్', 'ఇప్పుడే మొదలుపెట్టాను, బాగుంది' బాపతే. అంటే అచ్చం నాలాంటివాళ్లే! కోర్సు పూర్తిచేసి ఏం నేర్చుకున్నారో చెప్పినవాళ్లు ఒక్కరు కనబడితే ఒట్టు. ప్రింట్ ఎర్రర్ గురించి మొత్తుకున్నవాళ్లు మాత్రం అట్టడుగున ఉన్నారు. లెక్క చూడండి: వందమందిలో 90 మంది ఐదేసి, 10 మంది ఒక్కోటి ఇచ్చినా సగటు 4.6 వస్తుంది. చివరిదాకా చూసింది ఆ పదిమందే అయితే? అందుకే సగటు చూసి ఊరుకోకుండా, ఏ నక్షత్రానికి ఎంతమందో చూపించే బార్లు చూడండి. రివ్యూల తేదీలు చూడండి. ఒకే వారంలో కుప్పగా పడ్డాయంటే ఉచిత కూపన్లు పంచి రాయించుకున్నారేమో అని అనుమానించాల్సిందే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అంతకుముందు ఇంకో కోర్సుని 4.2 ఉందని వదిలేశాను. మళ్లీ వెళ్లి చూస్తే దానికి మొత్తం ఉన్నవే 5 రివ్యూలు. నలుగురు ఐదేసి ఇచ్చారు, ఒకాయన ఒకటి ఇచ్చాడు. ఆయన ఫిర్యాదు ఏంటంటే, 'నా ఫోన్‌లో వీడియో ఆగి ఆగి వస్తోంది'. దానికి పాఠం చెప్పే మేడమ్ ఏం చేస్తారు పాపం! ఆమె ఫ్రీ ప్రివ్యూ తెరిచి చూశాను. ప్రింట్ పక్కన బ్రాకెట్లు ఉన్నాయి.

రీఫండ్ ఉందిలే అన్న ధీమా కూడా వద్దు. నేను కొన్నచోట నిబంధనల్లో, పాఠాలు చాలావరకు చూసేసినా, ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకున్నా డబ్బు వెనక్కి ఇవ్వకపోవచ్చని ఉంది. ఆ మాట నా కంటపడేసరికే ఫైళ్లన్నీ దించేసుకున్నాను. అడిగితే అదే చూపించి కుదరదన్నారు. కాబట్టి కొన్నవెంటనే ముందు మధ్యలో ఒక సెక్షన్ తెరిచి, అక్కడి కోడ్ మీ మెషీన్‌లో నడుస్తుందో లేదో చూసుకోండి. విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు చివరిసారి జవాబు ఎప్పుడు వచ్చిందో కూడా చూడండి. నా కోర్సులో ప్రశ్నలైతే బోలెడు, జవాబు చెప్పే దిక్కే లేదు.

నిన్న నా పాత రేటింగ్ ఒకటికి మార్చి, ఏ సెక్షన్‌లో ఏ ఎర్రర్ వస్తోందో వివరంగా రాశాను. పేజీ రీఫ్రెష్ చేసి చూస్తే ఇంకా 4.6 అనే ఉంది.