హెచ్చరించి మరీ భయపెట్టే పుస్తకం

ఆడం గిడ్విట్జ్ రాసిన ‘ఎ టేల్ డార్క్ అండ్ గ్రిమ్’ 2010లో వచ్చింది. కొన్నేళ్లుగా తొమ్మిది, పదేళ్ల పిల్లలకు క్లాసులో చదివి వినిపిస్తున్నాను. పాత జర్మన్ జానపద కథలోని అన్నాచెల్లెళ్లు హాన్సెల్, గ్రెటెల్ ఇందులో ముఖ్య పాత్రలు. వాళ్లెవరో చాలామందికి తెలుసు కాబట్టి కథ జోలికి పెద్దగా పోను. నాకు పిచ్చిగా నచ్చేది ఇందులో కథ చెప్పే మనిషి. కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, ముందు రక్తం ఉంది, గదిలో చిన్నపిల్లలుంటే బయటికి పంపేయండి అంటాడు. అక్కడ నేను కాసేపు ఆగి తలెత్తి చూస్తాను. వెనక బెంచీల్లో గుసగుసలు ఠక్కున ఆగిపోతాయి. ఎంత అల్లరి క్లాసైనా సరే.

మొదటి కథలోనే, రాయిగా మారిన నమ్మకస్తుడైన సేవకుణ్ణి బతికించడానికి రాజు తన కన్నబిడ్డలైన హాన్సెల్, గ్రెటెల్ తలలు నరుకుతాడు. తలలు మళ్లీ అతుక్కుంటాయి, పిల్లలు లేచి కూర్చుంటారు. ఇక ప్రశ్నలన్నీ రక్తం గురించే ఉంటాయనుకున్నాను. ఒక పిల్లాడు లేచి, “టీచర్, నాన్నే నరికాడని వాళ్లకు గుర్తుంటుందా?” అన్నాడు. “గుర్తుంది కాబట్టేగా ఇంట్లోంచి పారిపోయారు” అని పక్కవాడు. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి, “మరి సారీ చెప్పాడా?” అని అడిగింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. ఈ జానపద కథలను సేకరించి అచ్చువేసిన గ్రిమ్ సోదరుల 1812 కూర్పులో హాన్సెల్, గ్రెటెల్‌ను అడవిలో వదిలేద్దామన్నది కన్నతల్లే. 1840 కూర్పులో ఆమెను సవతి తల్లిగా మార్చేశారు. గిడ్విట్జ్ ఆ సులువైన దారి పట్టలేదు. పిల్లలకు ఇంట్లోవాళ్ల మీద వచ్చే కోపాన్ని దాచిపెట్టకుండా మాట్లాడతాడు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మిగతా పుస్తకమంతా పరుచుకుని ఉంటుంది, కాబట్టి మొదలుపెడితే చివరిదాకా చదవాల్సిందే.

అయితే ఆ హెచ్చరికలున్నాయే, ఇంట్లో ఒక్కరికి చదివేటప్పుడు పనిచేసినట్టు క్లాసులో పనిచేయవు. అందరి ముందూ “నాకు భయం” అని లేచి వెళ్లే పిల్లలు ఎవరుంటారు? అక్కడ హెచ్చరిక కాస్తా పందెం అయిపోతుంది. గ్రెటెల్ తన వేలు కోసుకుని తాళంచెవిలా వాడే చోట అందరూ “ఛీ” అంటూ నవ్వుతుంటే, ఒకడు రెండు పిడికిళ్లూ బిగించి డెస్కు కిందికి దాచుకున్నాడు. అప్పట్నుంచి ఆ అధ్యాయానికి ముందు రోజే ఏం జరగబోతోందో మామూలు గొంతుతో చెప్పేస్తున్నాను. వినొద్దనుకున్నవాళ్లకు లైబ్రరీలో ఏదో ఒక పని అప్పజెప్తాను. దాంతో సస్పెన్స్ కొంత పోతుంది, పోనీ.

ఇంకోటి, సొంతంగా చదువుకునే పిల్లల్లో చాలామంది కథ చెప్పే మనిషి మాటలు దాటేసి నేరుగా నరుకుళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. చివరి అధ్యాయాలకు వచ్చేసరికి కథకుడి వాగుడు నాకే ఎక్కువనిపించి కొన్ని వదిలేస్తుంటాను. తర్వాతి రెండు భాగాలను క్లాసులో చదవడం లేదు, అడిగినవాళ్లకు ఇస్తున్నాను.

నా క్లాసు చిన్నది. ఎవరింట్లో ఏం నడుస్తోందో చాలావరకు తెలుసు, పైగా గట్టిగా చదివేది నేనే. అందుకే నాకు ఇంత బాగా కుదిరింది. పిల్లల సంగతి ఇంకా తెలియని కొత్త క్లాసులో అయితే ముందు కొన్నాళ్లు వేరే పుస్తకం చదువుతాను.