స్లీప్ ఆప్నియాకు దవడ ప్లేటు: కొన్నేళ్లు వాడిన తరువాత

నిద్రలో ఊపిరి ఆగిపోయే ఇబ్బందికి పళ్ల డాక్టర్లు అచ్చు తీసి చేయించి ఇచ్చే దవడ ప్లేటును నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి తొడుక్కునే అక్రిలిక్ ముక్కల జత ఇది. రెండు పక్కలా ఉండే మరలు కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నెట్టి పట్టి ఉంచుతాయి. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోతుంది కనుక, దవడ ముందుకు వస్తే నాలుకా దానితోపాటు వచ్చి ఆ దారి తెరుచుకుంటుంది.

గురక ఎంత పెద్దదైనా అది ఆప్నియా అవునో కాదో నోరు చూసి తేల్చడం కుదరదు. విజయవాడ సూర్యారావుపేటలో ఊపిరితిత్తుల డాక్టరుగారు రాత్రంతా ఒంటికి వైర్లు తగిలించి చేయించిన పరీక్షలోనే నా సంగతి బయటపడింది. కనీసం 10 సెకన్లపాటు ఊపిరి ఆగిన సందర్భాలను, బాగా తగ్గిన సందర్భాలను కలిపి గంటకు సగటున ఎన్నో చెబుతారు: 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాకు 23 వచ్చింది. మొదట సీపాప్ మిషను ఇచ్చారు; కరెంటుతో నడుస్తూ, మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకుపోకుండా చూసే యంత్రమిది. పెట్టుకున్నంతసేపూ అది ఆ సంఖ్యను దాదాపు సున్నాకు తెచ్చేది; ఆ విషయంలో ప్లేటు దానికి సాటి రాదు. అయితే నిద్రలో నాకు తెలియకుండానే మాస్కు లాగి పడేసేవాణ్ని, మే నెల ఉక్కకు దాని రబ్బరు కింద చర్మం ఒరిసిపోయేది. మిషను భరించలేని పెద్దవారికి ప్లేటు ఇచ్చే సంగతి ఆలోచించాలని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం, ఈ రంగంలోని దంతవైద్యుల సంఘం కలిసి 2015లోనే చెప్పాయి. ఆ మాటే చెప్పి నన్ను పళ్ల డాక్టరుగారి దగ్గరకు పంపారు.

ఆవిడ ప్లేటు మాట ఎత్తకముందే నా చిగుళ్లు చూశారు. దవడ భారమంతా రాత్రంతా పళ్లే మోస్తాయి కాబట్టి చిగుళ్లు గట్టిగా ఉండాలి, రెండు దవడలకూ తగినన్ని పళ్లుండాలి. పుచ్చు పన్నుకు క్యాపు వేయించే పని ఉంటే అచ్చుకు ముందే ముగించాలి, తరువాత వేయిస్తే ప్లేటు సరిగ్గా కూర్చోదు. ఇచ్చిన రోజునే దవడను పూర్తిగా ముందుకు లాగరు. సన్నని పుల్లలాంటి తాళంతో రెండు వైపులా సమానంగా, కొద్దికొద్దిగా మర తిప్పుకుంటూ వారాల తరబడి జరపాలి. మొదట్లో దిండు తడిసేంత లాలాజలం ఊరేది, పొద్దున చెవి ముందున్న దవడ కీలు నొప్పి పుట్టేది. రెండూ క్రమంగా తగ్గాయి.

గురక తగ్గిందని మా ఆవిడ తొలి నెలలోనే తేల్చేసింది. డాక్టరుగారు ఆ సాక్ష్యం ఒప్పుకోకుండా, ప్లేటు నోట్లో ఉండగానే మళ్లీ నిద్ర పరీక్ష చేయించారు. గురక ఆగినా ఊపిరి ఆగడం మిగిలే ఉండవచ్చు కనుక ఈ రెండో పరీక్ష ఎగ్గొట్టేవారు సగం వైద్యంతోనే సరిపెట్టుకున్నట్టు. నాకు 8 వచ్చింది. పగలు ఆఫీసులో తూగడం పోయింది.

ఎక్కువగా చెప్పవలసింది పళ్ల అమరిక గురించి. పొద్దున ప్లేటు తీయగానే వెనుక పళ్లు ఒకదానికొకటి ఆనవు. అట్టు ముక్క నములుతుంటే దవడ ఎవరిదో అన్నట్టుంటుంది. ఇందుకోసం విడిగా ఇచ్చిన చిన్న ముక్కను కాసేపు కొరికి పట్టుకుంటే దవడ వెనక్కి సర్దుకుంటుంది. అది ప్రతిరోజూ చేసినా, ఏళ్లు గడిచేసరికి నా పై ముందు పళ్లు కాస్త లోపలికి, కిందివి కాస్త బయటికి వాలాయి. ఎడమవైపు దంతాల మధ్య వక్కపలుకు ఇప్పుడు నలగదు. ఇది తిరిగి మునుపటిలా కాకపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. నా లెక్కలో ఇది ఒప్పుకోదగిన నష్టమే. ముందు పళ్ల అందం గురించి పట్టింపు ఉన్నవారు మాత్రం బాగా ఆలోచించుకోవాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ నీట మునిగి కరెంటు లేనప్పుడు, మేడ మీద పడుకున్న రాత్రుల్లో కూడా ప్లేటు తన పని తాను చేసింది. శుభ్రం చేయడం తేలిక: మెత్తని బ్రష్షు, మామూలు సబ్బు, చల్లని నీళ్లు చాలు. వేడినీళ్లకు, ఎండలో నిలిపిన కారు వేడికి అక్రిలిక్ వంకర పోతుంది. నా ఆరోగ్య బీమా దీనికి పైసా ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరుక్కునే చవక రకాలతో ఆ ఖర్చు తప్పించుకుందామనుకుంటే, వాటిలో చాలావాటికి దవడను కొలత ప్రకారం జరిపే ఏర్పాటే ఉండదు.

ఈ మధ్య కుడివైపు మర వదులైంది. కొత్తది చేయించే ముందు మరోసారి నిద్ర పరీక్ష చేయించుకోమన్నారు. బరువు పెరిగాను కనుక ఆ మాట సబబుగానే ఉంది. సంఖ్య 30 దాటితే మళ్లీ మిషను వైపే వెళ్లవలసి రావచ్చు.