థార్‌కు ఇనుప బంపర్: కొన్నాక, బిగించాక

మా మహీంద్రా థార్ జీపు కోసం రాణిగంజ్‌లోని ఒక దుకాణంలో ఇనుప ముందు బంపర్ కొని, మెకానిక్ అవసరం లేకుండా గంటలో బిగించుకోవచ్చన్న యజమాని మాట నమ్మి, ఆదివారం పొద్దున ఇంటి ముందే పని మొదలుపెట్టాను. వెల్డింగ్ నాణ్యత నిజంగా మెచ్చదగినది. అతుకుల మీద వేలు పెట్టి తడిమినా ఎక్కడా గరుకు తగలలేదు. అయితే కుడివైపు బ్రాకెట్ రంధ్రాలు ఛాసిస్ (బండి చట్రం) రంధ్రాలతో దాదాపు 5 మిల్లీమీటర్ల తేడాతో కలవకపోవడంతో, గుండ్రటి ఆకురాయితో వాటిని కోలగా అరగదీసి, బయటపడిన ఇనుము తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరాక బోల్టులు బిగించేసరికి సాయంత్రమైంది. (పక్కింటాయన వచ్చి ఒక చివర పట్టుకోకపోతే అదీ అయ్యేది కాదు.) రంగు పరవాలేదు.

నా అసలు ఫిర్యాదు వేరు. క్రాష్ గార్డులనే ఇలాంటి ఇనుప బంపర్లపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసిందనీ, ఇవి ఢీకొన్న దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేసి ఎయిర్‌బ్యాగుల సెన్సర్ల పనికి అడ్డు రావచ్చనీ దుకాణదారు ఒక్క మాటైనా చెప్పలేదు. బంపర్‌కు మూడు నక్షత్రాలు, దుకాణానికి ఒకటి. విప్పిన ప్లాస్టిక్ బంపర్‌ను మాత్రం అటక మీద భద్రంగా దాచాను.