జే-1 శిక్షణ వీసాతో అమెరికా రెస్టారెంట్లకు వెళ్లేవారికి హెచ్చరిక: శిక్షణ ప్రణాళిక పూర్తిగా చేతికి రాకుండా డబ్బు కట్టకండి

నేను అమెరికా నుంచి తిరిగి వచ్చి నేటికి తొమ్మిది రోజులైంది. అక్కడి రెస్టారెంటు వంటగదిలో ఏడాది శిక్షణ కోసం ఒక ఏజెన్సీకి 3,40,000 రూపాయలు కట్టి వెళ్లినవాడిని, నాలుగు నెలలకే ఇంటికి చేరాను. ఏజెన్సీ పేరు రాయడం లేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బయటి దేశాలకు ప్రయత్నించినవారికి అటువంటి ఆఫీసు ఎలా ఉంటుందో వర్ణించి చెప్పనక్కరలేదు. గోడ నిండా స్టాంపింగ్ అయిన పాస్‌పోర్టుల ఫొటోలు ఉంటాయి, వచ్చిన ప్రతివాడినీ "తమ్ముడూ" అని పిలుస్తారు, రెండోసారి వచ్చేటప్పుడు నాన్నగారిని కూడా తీసుకురమ్మంటారు.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఒక హోటల్లో కమీగా, అంటే వంటగదిలో జూనియర్ వంటవాడిగా పనిచేశాను. డిగ్రీ గానీ వృత్తి సర్టిఫికెట్ గానీ ఉన్నవారికి అమెరికా బయట అదే రంగంలో కనీసం ఒక ఏడాది అనుభవం, ఆ చదువు లేనివారికి అయిదేళ్ల అనుభవం ఉంటే జే-1 ట్రైనీగా వెళ్లవచ్చు కాబట్టి నా అర్హతలో ఏ లోటూ లేదు. 18 నెలలు ఉండవచ్చని, ఆ తర్వాత అక్కడే వర్క్ వీసాకు మారిపోవచ్చని ఏజెంటు చెప్పాడు. 18 నెలల గడువు ఇతర రంగాలవారిది. హోటల్, పర్యాటక రంగాల శిక్షణ 12 నెలలకు మించకూడదు. ఈ ఒక్క సంగతి నేను ముందే చూసుకుని ఉంటే అతని మిగతా మాటలను కూడా అనుమానించేవాడిని. చూసుకోలేదు, ఆ తప్పు నాదే.

అసలు మోసం డీఎస్-7002 అనే పత్రం దగ్గర మొదలైంది. శిక్షణ ప్రణాళిక అంటే అదే. ఏ విభాగంలో ఎన్ని నెలలు ఉంటాం, ఏం నేర్చుకుంటాం, ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని గంటలు, ఎంత ఇస్తారు అన్నవన్నీ అందులో రాసి, ట్రైనీ, రెస్టారెంటు, స్పాన్సర్ సంస్థ (జే-1 కార్యక్రమం నడపడానికి అమెరికా విదేశాంగ శాఖ అనుమతించిన సంస్థ) ముగ్గురూ సంతకాలు చేయాలి. హోటల్ రంగంలో ఆరు నెలలు, అంతకు మించిన శిక్షణ అయితే కనీసం మూడు విభాగాల్లో తిప్పాలని నిబంధన ఉంది. నాకు మాత్రం ఒక రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో సంతకం పేజీ ఒక్కటే వచ్చింది. మిగతా పేజీలు అడిగితే ఏజెంటు, "అవన్నీ ఫార్మాలిటీ తమ్ముడూ, స్పాన్సర్ వాళ్లు ఎదురుచూస్తున్నారు, వెంటనే పెట్టి పంపు" అన్నాడు. పెట్టి పంపాను. స్పాన్సర్ వాళ్ల వీడియో ఇంటర్వ్యూ కూడా ఏజెన్సీ ఆఫీసులోనే, అతను పక్క కుర్చీలో కూర్చుని ఉండగా జరిగింది.

పూర్తి పత్రం కాన్సులేట్ ఇంటర్వ్యూకు ముందు రోజు సాయంత్రం ఫైలులో కనిపించింది. నాలుగు నెలలు గార్డ్‌మాంజే (సలాడ్ల వంటి చల్లని వంటకాల విభాగం), నాలుగు నెలలు గ్రిల్, నాలుగు నెలలు పేస్ట్రీ అని ఉంది. ఆ రాత్రి దాన్ని నాన్నకు చదివి వినిపించాను.

ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో దిగాను. మొదటి రోజే నన్ను పాత్రలు కడిగే యంత్రం దగ్గర నిలబెట్టారు. మనిషి తక్కువయ్యాడు, వారం రోజులే అన్నారు. అయిదో వారం కూడా అక్కడే ఉన్నాను. వేడినీటి ఆవిరికి వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి, రాత్రి ఫోను తెరవబోతే వేలిముద్రను గుర్తించేది కాదు. ఒకరోజు షిఫ్టుకు ముందు ఆ పత్రం తీసుకుని, ప్రణాళికలో నాకు నేర్పవలసినవాడిగా సంతకం చేసిన మేనేజరు దగ్గరకు వెళ్లాను. అతను తడి చేత్తోనే అందుకుని, మొదటి పేజీ కూడా తిప్పకుండా, "ఇది నువ్వు ఇక్కడికి రావడానికి రాసిన కాగితం, వచ్చావు కదా" అని తిరిగి ఇచ్చేసి, ప్లేట్ల ట్రేను నా వైపు తోశాడు. పేస్ట్రీ అన్న మాట మీద తడి బొటనవేలి గుర్తు పడి ఇంకు అలుక్కుపోయింది. ఆ పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది.

అయినా నా కోపం ఆ మేనేజరు మీద కంటే ఏజెంటు మీదే ఎక్కువ. ఆ రోజు షిఫ్టు ముగిశాక అర్ధరాత్రి రెస్టారెంటు వెనక మెట్ల మీద కూర్చుని అతనికి ఫోను చేశాను. ఇండియాలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. జరిగినదంతా విని అతను అన్న మాటలు ఒక్కటీ మరచిపోలేదు. "చూడవయ్యా, డిగ్రీ చదివినవాడివి, సంతకం పెట్టేముందు చదువుకోవద్దా? నా పని స్టాంపింగ్ వరకే. నువ్వు గొడవ చేస్తే ప్రోగ్రాం రద్దు చేసి పంపిస్తారు, ఇక జన్మలో నీకు అమెరికా వీసా రాదు. ఈ సంగతి మీ నాన్నగారికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" రాత్రి పదకొండు గంటలకు చదవనక్కరలేదన్న మనిషే, ఎందుకు చదవలేదని నన్ను నిలదీశాడు. డబ్బు చేతిలో పడేదాకా తమ్ముడిని, ఆ తర్వాత ఎవరినో. అమ్మ గాజులు బ్యాంకులో కుదువపెట్టి తెచ్చిన డబ్బు అని అతనికి తెలుసు. తెలిసే నాన్న పేరు ఎత్తాడు. ఆ ఒక్క మాటకు భయపడి మరో రెండు నెలలు నోరు మూసుకుని ఉన్నాను. దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఆ రెండు నెలల్లో వారానికి 55 నుంచి 60 గంటలు పనిచేశాను, పే స్లిప్పులో మాత్రం 40 గంటలే చూపేవారు. 40 దాటిన గంటలకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. నలుగురం పడుకునే గదికి అద్దె ముందే కోసుకునేవారు. ఇవి చాలక సోషల్ సెక్యూరిటీ (అక్కడి పింఛను పన్ను) కింద 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల వైద్యం కోసం వేసే పన్ను) కింద 1.45 శాతం పోయేది. కొత్తగా వెళ్లిన జే-1 ట్రైనీకి మొదటి రెండు క్యాలెండరు సంవత్సరాల్లో ఈ రెండు పన్నులూ ఉండవని పక్క గది కుర్రాడు చెప్పేదాకా నాకు తెలియదు.

చివరికి ఒక సెలవు రోజున, వీసా సమయంలో కాన్సులేట్ వారు ఇచ్చిన హక్కుల కరపత్రం ఫైలు అడుగున దొరికింది. అన్యాయం జరిగితే భయపడకుండా ఫిర్యాదు చేయవచ్చని అందులో స్పష్టంగా ఉంది. స్పాన్సర్ సంస్థకు పే స్లిప్పులు, నేను రాసుకున్న గంటల లెక్క, ఆ తడిసిన పేజీ ఫొటో పంపాను. మూడో రోజే ఒకావిడ ఫోను చేసి, మొదటి నెలలోనే ఎందుకు చెప్పలేదని అడిగింది. వేరే రెస్టారెంటు చూపడానికి ఆమె నిజంగానే ప్రయత్నించింది, సమయానికి ఏదీ కుదరలేదు. ఏజెంటు బెదిరించినట్టు నన్ను ఎవరూ తరిమివేయలేదు, నా మీద ఏ మచ్చా వేయలేదు.

తిరిగి వచ్చాక డబ్బు అడగడానికి ఆఫీసుకు వెళితే అతను బయటి గదిలోనే నిలబెట్టి మాట్లాడాడు. వీసా వచ్చిన రోజునే తన సేవ పూర్తయిందన్నాడు. విదేశాల్లో ఉద్యోగానికి పంపే రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి తీసుకోకూడదు కదా అని అడిగాను. "అది ఉద్యోగానికి, నువ్వు వెళ్లింది శిక్షణకు" అన్నాడు. డబ్బు కట్టించుకునేటప్పుడు ఇదే గదిలో నాన్నకు పదిసార్లు ఉద్యోగం అనే చెప్పాడు.

నేను వెళ్లింది శిక్షణకు అని అతను చివర్లో పలికిన ఆ మాట ఒక్కటే నిజం. ఈ వీసాకు మూలం 1961 నాటి విద్యా, సాంస్కృతిక మార్పిడి చట్టం. నేర్చుకుని స్వదేశానికి రావడమే దాని ఉద్దేశం. రెస్టారెంటుకు తక్కువైన కూలివాడి స్థానంలో ట్రైనీని పెట్టడం నిషిద్ధం. ఉద్యోగం అని ఎవరైనా అమ్మితే అక్కడే లేచి వచ్చేయండి.

వెళ్లదలచినవారు డీఎస్-7002 అన్ని పేజీలూ చదివాకే సంతకం చేయండి, అందులో పేరున్న మేనేజరుతో ఏజెంటు లేకుండా స్వయంగా మాట్లాడండి. నేను కట్టినప్పుడు సెవిస్ (విదేశీ విద్యార్థులు, ట్రైనీల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము 220 డాలర్లు, వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. స్పాన్సర్ రుసుము వేరు. ఏజెంటు చెప్పిన మొత్తంలో ఏది ఎవరికి వెళుతుందో రాయించుకోండి. ఇప్పటికే అక్కడ ఉండి ఇబ్బంది పడుతున్నవారు ముందు స్పాన్సర్‌కు రాయండి, వారు పలకకపోతే అమెరికా విదేశాంగ శాఖ జే-1 సహాయ నంబరు 1-866-283-9090 కు ఫోను చేయండి.

నేను కట్టిన 3,40,000 లో నాకు రసీదు ఇచ్చింది 30,000 కే, అదీ కౌన్సెలింగ్ ఫీజు అని రాసి. మిగతాది రెండు విడతల్లో నగదుగా తీసుకున్నాడు. ఆ రసీదు, వాట్సాప్ సందేశాలు జతచేసి రేపు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇస్తున్నాను. ఇదే తరహా రసీదు మీ దగ్గర ఉంటే పారేయకండి.