కువైట్ మామ బొమ్మకు ముఖం ఉండాలా, వద్దా?

కడప చుట్టుపక్కల కువైట్‌కు మనిషిని పంపిన ఇళ్లు చాలా. మా మామ కూడా అక్కడ డ్రైవర్‌గా చేసి వచ్చాడు. ఆయన బొమ్మ వేద్దామని కూర్చుంటే ఇద్దరు అమెరికా చిత్రకారులు గుర్తొచ్చారు.

జే లిన్ గోమెజ్ తల్లిదండ్రులు మెక్సికో నుంచి వలస వచ్చినవాళ్లు. ధనికుల ఇళ్లలోని తోటమాలులు, పనిమనుషులే ఆ బొమ్మల్లో ఉంటారు. ముఖాలకు కళ్లూ ముక్కూ ఉండవు. 1967లో బ్రిటన్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ, ఈతకొలనులో నీళ్లు ఎగసినట్టు వేసిన బొమ్మను గోమెజ్ 2013లో తిరగరాసినట్టు గీశారు. ఎగసిన నీళ్లు తీసేసి, కొలను శుభ్రం చేసే మనిషిని పెట్టారు.

జోర్డన్ కాస్టీల్ న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధి వ్యాపారులను ఫొటో తీసుకుని, పెద్ద కాన్వాస్‌ మీద ఆయిల్ రంగుల్లో గీశారు. ఆ కళ్లు నేరుగా మనల్నే చూస్తాయి.

గోమెజ్ చూపింది నిజమే. యజమానికి మామ అంటే స్టీరింగ్ మీద రెండు చేతులే. కానీ ఆ ఖాళీ ముఖం మా ఇంట్లో గోడకు తగిలించలేను. అత్త ఏళ్ల తరబడి పాస్‌పోర్ట్ ఫొటో చూసుకునే బతికింది. అందుకే కాస్టీల్ దారి పట్టాను.

మొన్న కనుబొమ్మ మీది గాటు దిద్దుతుంటే అత్త పక్కనే కూర్చుంది. "ఇంకొంచెం కిందికి ఉంటాది అబ్బీ" అనింది.