చీనీ తోటల థీసిస్‌కు పోలర్ ఫంక్షన్ వాడాను: 5కి 4 మార్కులు

గణాంకాల లెక్కలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో మాస్ (MASS) ప్యాకేజీ తెరిస్తే పోలర్ (polr) ఫంక్షన్ దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు. అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) రైతులు డ్రిప్‌తో ఎరువులు ఇచ్చే పద్ధతిని ఎంతవరకు పాటిస్తున్నారన్నది నా థీసిస్. మా విస్తరణ విభాగం అలవాటు ప్రకారం రైతుల్ని లో, మీడియం, హై అని మూడు స్థాయిలుగా విడగొట్టాను. వరుస ఉన్న జవాబు కాబట్టి, ఏ అంశం రైతును పై స్థాయి వైపు నెడుతుందో అంచనా వేసే ఆర్డినల్ లాజిస్టిక్ రిగ్రెషన్ చేయమన్నారు మా గైడ్ గారు. పోలర్ చేసేది అదే.

మొదటిసారి నడిపినప్పుడు శిక్షణకు వచ్చిన రైతుల కోఎఫిషియెంట్ (శిక్షణ ప్రభావం ఎటు, ఎంత అని చెప్పే సంఖ్య) మైనస్‌లో వచ్చింది. శిక్షణ తీసుకుంటే పాటించడం తగ్గుతుందా? ఆ తోటల్లో తిరిగినవాణ్ని, నమ్మబుద్ధి కాలేదు. రాత్రంతా టెన్షన్. పొద్దున్నే అవుట్‌పుట్ చివర ఇంటర్‌సెప్టులు (పక్కపక్క స్థాయిల మధ్య సరిహద్దులు) చూస్తే ‘హై|లో’, ‘లో|మీడియం’ అని ఉంది. మనం వరుస చెప్పకపోతే ఆర్ ఇంగ్లిష్ అక్షరక్రమం పట్టుకుంటుంది: హెచ్, ఎల్, ఎం. అందరికంటే బాగా చేస్తున్న రైతులు అట్టడుగు మెట్టుకు పోయారు! లెవెల్స్ వరుస నేనే రాసి మళ్లీ నడిపితే గుర్తు ప్లస్ అయింది. ఏ వరుస తీసుకుందో అలా పేర్లతో చూపించడమే ఇందులో నాకు బాగా నచ్చింది.

పోలర్‌లో ప్లస్ అంటే పై స్థాయి వైపు మొగ్గు. కొన్ని సాఫ్ట్‌వేర్లు సూత్రాన్ని వేరే రకంగా రాస్తాయి, అదే డేటాకు గుర్తు తిరగబడుతుంది. అందుకే ఏది వాడారో థీసిస్‌లో రాయండి.

ఇక ఆడ్స్ రేషియో. ఆడ్స్ అంటే జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో భాగిస్తే వచ్చేది; రెండు గుంపుల ఆడ్స్ నిష్పత్తే ఆడ్స్ రేషియో. కోఎఫిషియెంట్ 0.69 అనుకుందాం, ఎక్స్‌పోనెన్షియల్ తీస్తే దాదాపు 2. మిగతావన్నీ సమానంగా ఉంటే, శిక్షణ పొందిన రైతు ‘హై’లో ఉండే ఆడ్స్ పొందని రైతుకంటే 2 రెట్లు. ‘మీడియం లేదా హై’లో ఉండే ఆడ్స్ కూడా అదే 2 రెట్లు. స్థాయిల మధ్య ఎక్కడ గీత గీసినా ఒకే సంఖ్య, ప్రపోర్షనల్ ఆడ్స్ అంటే ఇదే. ‘అవకాశం రెట్టింపు’ అని మాత్రం రాయకండి, అది తప్పు. 20 శాతం అవకాశం అంటే ఆడ్స్ 0.25. రెట్టింపైతే 0.5, అంటే 33 శాతం. 60 శాతం దగ్గర మొదలైతే 75కే చేరుతుంది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, సమ్మరీలో టి విలువ (కోఎఫిషియెంట్‌ను దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగించినది) ఇస్తుంది గానీ, ఫలితం యాదృచ్ఛికమో కాదో తూచడానికి చూసే పి విలువ ఇవ్వదు, మనమే లెక్కేసుకోవాలి. పైగా అన్ని గీతల దగ్గరా ఒకే సంఖ్య సరిపోతుందో లేదో తనంతట తాను పరీక్షించదు, దానికి బ్రాంట్ టెస్ట్ విడిగా చేయాలి. నేను చేశాకే గైడ్ గారికి పట్టిక చూపించాను. ఆయన ముందుగా అడిగింది ఆడ్స్ రేషియో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) లోపల 1 పడుతోందా అని; 1 అంటే తేడా లేనట్టే.